పని ఉందన్న ధీమా



ఉపాధి హామీ పనికి ఒక్క రోజైనా వెళ్ళని కూలి మనిషి ఇంట్లోకి కూడా ఆ పథకం వల్ల డబ్బు వస్తుంది. వినగానే నమ్మబుద్ధి కాకపోవచ్చు. గ్రామీణ ఉపాధి హామీ గురించి ఈ 20 ఏళ్ళలో బయటపడిన సంగతులన్నిటిలోకీ నాకు ఇదే పెద్దదిగా కనిపిస్తుంది. పేదింటికి ఈ పథకం ఏం చేసింది, ఎక్కడ చేయలేక ఆగిపోయింది అన్నది దీన్నిబట్టే అర్థమవుతుంది.

అది ఎలా జరుగుతుందో చెబుతాను. రాయలసీమలోనో పాలమూరులోనో ఒక ఊరు అనుకోండి. పొద్దుగూకాక రైతు కూలీల వాడకు వస్తాడు. రేపు కలుపుకు పదిమంది కావాలంటాడు. కూలి ఎంతిస్తావని ఆడవాళ్ళు అడుగుతారు. ఊళ్ళో మరో పని ఏదీ లేని రోజుల్లో ఆ అడగడం మాటవరసకే. వెళ్ళకపోతే రేపు ఇల్లు గడవదని వాళ్ళకు తెలుసు, ఆ సంగతి రైతుకూ తెలుసు. అతను చెప్పిందే కూలి. అదే ఊళ్ళో చెరువు పూడిక పని నడుస్తున్న వారంలో అదే రైతు వస్తాడు, అదే మాట అడుగుతాడు. ఈసారి జవాబు మారుతుంది. చెరువు పనికి పోతే మాకింత పడుతుంది, నువ్వు అంతకన్నా ఎక్కువిస్తేనే వస్తామంటారు. రైతు కాస్త పెంచుతాడు. పెంచిన కూలికి వెళ్ళిన ఆ పదిమంది పేర్లు ఆ రోజు మస్టరులో, అంటే ఉపాధి పని హాజరు పట్టీలో, ఉండవు. ప్రభుత్వం లెక్కలో వాళ్ళకు ఆ రోజు పని ఇచ్చినట్టే కాదు. కానీ వాళ్ళ కొంగున పడ్డ ఆ అదనపు కూలి చెరువు పని ఇప్పించిందే.

ఇది నా ఊహ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే దీన్ని కొలిచి చూశారు. 2010 నుంచి 2012 మధ్య ఎనిమిది జిల్లాల్లో, 157 మండలాల్లో, సుమారు 1.9 కోట్ల జనాభా ఉన్న ప్రాంతంలో ఉపాధి కూలి చెల్లింపులకు వేలిముద్రతో నడిచే స్మార్ట్ కార్డులు తెచ్చారు. ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది చీటీలు తీసినట్టు నిర్ణయించారు. అందువల్ల కార్డు వచ్చిన మండలాన్నీ రాని మండలాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చడానికి వీలైంది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు ఆ పోలిక చేశారు. కార్డులు వచ్చిన చోట కూలి త్వరగా చేతికందింది, మధ్యలో కారిపోయే సొమ్ము బాగా తగ్గింది. ప్రభుత్వం పథకానికి పెట్టే ఖర్చు మాత్రం పెరగలేదు. అయినా ఉపాధి కూలీల కుటుంబాల ఆదాయం 14 శాతం పెరిగింది. ఆ పెరిగిన ఆదాయంలో 86 శాతం ఉపాధి పనిలోంచి వచ్చింది కాదు. బయటి పనుల్లోంచి, పొలం కూలిలోంచి వచ్చింది.

ఈ సంఖ్యను కాస్త నిదానంగా తలచుకోవాలని నా మనవి. పథకం సరిగ్గా నడిస్తే పేదింటికి వచ్చే లాభంలో మస్టరు మీద కనిపించేది ఏడో వంతు. మిగతా ఆరు వంతులూ ఏ దస్త్రంలోనూ రాయని చోట, ఆ సాయంత్రం వాడలో జరిగిన బేరంలో ఉన్నాయి. కూలి రేటు పెరిగితే పొలం పనులు తగ్గిపోతాయని చాలామంది భయపడతారు. ఈ మండలాల్లో తగ్గలేదు, బయట దొరికిన పని కూడా పెరిగింది. ఊళ్ళో పని ఇచ్చేవాళ్ళు పట్టుమని నలుగురే ఉన్నప్పుడు కూలి ఉండాల్సినదానికన్నా కిందనే అణిగి ఉంటుంది. ఆ పట్టు కొంచెం సడలితే కూలీ పెరుగుతుంది, పనికి కదిలే మనుషులూ పెరుగుతారు.

ఇంతకూ బేరం చేసే ఆ బలం ఎక్కడి నుంచి వచ్చింది? పని ఉందన్న ధీమా నుంచి. అడిగితే పని ఇస్తారు, చేస్తే డబ్బు పడుతుంది అన్న నమ్మకం నుంచి. రెండిట్లో ఏది పోయినా రైతు ముందు ఆ మాట అనగలిగే ధైర్యం పోతుంది. నేను చెప్పదలచిందంతా ఇక్కడే ఉంది.

ఆ నమ్మకం ఎలా వచ్చిందో చూడాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. కరువులో పేదలకు మట్టిపని ఇవ్వడం మన దేశంలో కొత్త కాదు. 1876లో మొదలైన ధాత కరువు బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలను పీల్చి పిప్పి చేసింది. అప్పటి మద్రాసు ప్రభుత్వం పనులు తెరిచింది. ఆకలితో వచ్చినవాళ్ళతో రోడ్లు వేయించారు, చెరువులు తవ్వించారు. మద్రాసు నగరంలో అడయారు, కూవం నదులను కలుపుతూ సాగే బకింగ్‌హాం కాలువ భాగం ఆ కరువు కూలీల చేతుల మీదే తయారైంది. 1877 మొదట్లో వైస్రాయి తరఫున వచ్చిన రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించాలని, రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద చిన్న నాణెం చాలని తేల్చాడు. పౌను అంటే అరకిలో కన్నా తక్కువ. బరువు పని చేసే మనిషికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. ఆ తర్వాత కొన్ని నెలలకు కూలి పెంచారు గానీ, ఈలోగా శిబిరాల్లో ఎందరో రాలిపోయారు. అప్పట్లో పని పెట్టడం దొర దయ. ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో, ఎంత ఇవ్వాలో అతని ఇష్టం. పేదవాడికి అడిగే చోటు లేదు.

ఆ చోటు దొరకడానికి దాదాపు వందేళ్ళు పట్టింది. 1972 కరువులో మహారాష్ట్ర పెద్ద ఎత్తున పనులు పెట్టింది. వి. ఎస్. పాగే ఆలోచనతో మొదలైన ఉపాధి హామీ పథకానికి 1977లో ఆ రాష్ట్ర శాసనసభ చట్ట రూపం ఇచ్చింది. పట్నాల్లో జీతగాళ్ళ మీద వృత్తి పన్ను వేసి ఆ డబ్బుతో పల్లెల్లో పని ఇచ్చారు. 2005లో పార్లమెంటు జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం చేసింది. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ మన అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో దాన్ని ప్రారంభించారు. మొదటి విడతలో దేశంలో 200 జిల్లాలు, మన ఉమ్మడి రాష్ట్రంలో 13. 2008 ఏప్రిల్ నాటికి దేశంలోని గ్రామీణ జిల్లాలన్నిటికీ చేరింది. 2009లో గాంధీజీ పేరు చేరింది. ఆ చట్టం ప్రకారం ఏడాదికి ఇంటికి 100 రోజుల పని. అడిగిన 15 రోజుల్లో పని చూపించాలి, చూపించలేకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. పని ఊరికి ఐదు కిలోమీటర్లలోపు ఉండాలి. కాంట్రాక్టరు ఉండకూడదు, మనుషుల పనిని లాక్కునే యంత్రాలు వాడకూడదు. పెట్టే ఖర్చులో 60 శాతమైనా కూలికే పోవాలి.

ఆరంభంలో మన రాష్ట్రంలో రోజు కూలి 80 రూపాయలు. 2025-26లో రెండు రాష్ట్రాల్లోనూ 307. అయితే ఇది హాజరుకు ఇచ్చేది కాదు, కొలతకు ఇచ్చేది. గుంపుగా తవ్వుతారు, కొలతలు తీస్తారు, వచ్చిన మొత్తాన్ని పంచుతారు. గట్టి నేలలో, ఎండలు ముదిరిన మేలో గడ్డపార దిగకపోతే ఆ 307 చేతికి రాదు. 100 రోజులు పూర్తయ్యే ఇళ్ళు కూడా తక్కువే. దేశం మొత్తం మీద పని చేసిన ఇంటికి సగటున 50 రోజుల చుట్టూనే పడుతూ వచ్చింది.

మరి ఈ కాస్త సొమ్ముతో ఏమవుతుందని అడగవచ్చు. కూలి మనిషి ఏడాదిని ఒకసారి చూడండి. తొలకరి పడ్డాక విత్తనం, ఆ పైన కలుపు, తర్వాత కోతలు, పత్తి తీత, వేరుశనగ పీకడం. సంక్రాంతి దాటితే కాలువ లేని ఊళ్ళో పొలం ఖాళీ. మళ్ళీ వాన పడేదాకా చేతికి పని ఉండదు. పెళ్ళిళ్ళు, జాతరలు ఆ నెలల్లోనే వస్తాయి. జూన్ వచ్చేసరికి పిల్లల పుస్తకాలు, ఎకరమో అరెకరమో ఉన్నవాళ్ళకు విత్తనాలు. ఏడాది మొత్తంలో వడ్డీకి తెచ్చేది ఎక్కువగా ఈ నెలల్లోనే. సరిగ్గా ఆ రోజుల్లో వారానికి పదిహేను వందలో, పద్దెనిమిది వందలో పడితే, మొత్తం చిన్నదైనా అది ఒక అప్పును రానీయదు. మెదక్ జిల్లాలో శమిక రవి, మోనికా ఎంగ్లర్ చేసిన అధ్యయనంలో ఉపాధి పని దొరికిన పేద కుటుంబాలు తిండికి ఎక్కువ ఖర్చు పెట్టగలిగాయని, పస్తులు తగ్గాయని, కొంత వెనకేసుకోగలిగాయని తేలింది. పస్తులు తగ్గాయన్న ఆ ఒక్క మాట చాలు ఈ పథకం విలువ చెప్పడానికి.

పశ్చిమ కర్నూలులో, ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు ఊళ్ళలో సుగ్గికి పోవడం అని ఒకటుంది. పంటలు అయిపోయాక లారీలెక్కి గుంటూరు వైపు మిరపకాయ కోతలకు, పత్తి తీతకు పోతారు. పిల్లల్ని వెంటబెట్టుకుని పోతారు, బడి అక్కడితో తెగుతుంది. ఇంట్లో ముసలివాళ్ళు మిగులుతారు. పాలమూరు నుంచి ముంబై, పుణె పోయేవాళ్ళది మరో కథ. గుంపు మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇస్తాడు, అది తీరేదాకా మనిషి అతని చేతిలో ఉంటాడు. ఉపాధి పని ఈ వలసను ఆపేసిందని నేను అనను. మిరప కోతలో ఉపాధి కూలి కన్నా ఎక్కువ గిట్టుబాటయ్యే రోజులుంటాయి, ఒంట్లో శక్తి ఉన్నవాళ్ళు పోతారు, పోనివ్వాలి కూడా. తేడా ఎక్కడంటే, పొట్ట చేతపట్టుకుని విధి లేక పోయే ఇంటికీ, లెక్క చూసుకుని పోయే ఇంటికీ మధ్య ఉంది. ఊళ్ళో పని ఉంటే భర్త ఒక్కడే పోతాడు, భార్య పిల్లలతో ఊళ్ళో ఉంటుంది, బడి తెగదు. అడ్వాన్సు తీసుకోకుండా పోవచ్చు. ఈ తేడా గణాంకాల్లో పెద్దగా కనపడదు గానీ ఇంటికి అది ప్రాణంతో సమానం.

ఆడవాళ్ళ సంగతి విడిగా చెప్పాలి. మన రెండు రాష్ట్రాల్లో ఈ పనికి వచ్చేవాళ్ళలో సగానికి మించి ఆడవాళ్ళే. మూడో వంతైనా ఉండాలని చట్టం అడిగింది, మనవాళ్ళు దాన్ని ఎప్పుడో దాటేశారు. దానికి కారణాలు వెతకనక్కర్లేదు. పొలంలో మగ కూలి వేరు, ఆడ కూలి వేరు. ఇక్కడ ఒకే కొలత, ఒకే రేటు. పని ఊరి దగ్గరే. తెల్లవారుజామున పోయి ఎండ ముదిరే లోపల ఇంటికి రావచ్చు. కాంట్రాక్టరు, మేస్త్రీ నోటి దురుసు లేదు. ఊళ్ళో ఆడవాళ్ళంతా కలిసి పోతారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కూలీలను శ్రమశక్తి సంఘాలుగా కట్టి, సంఘానికొక మేటును, అంటే పని నడిపించే మనిషిని, పెట్టినప్పుడు ఎంతోమంది ఆడవాళ్ళు మేట్లయ్యారు, కొలతలు రాయడం నేర్చారు. భర్త పోయిన ఆడవాళ్ళకు, ఒంటరి ఆడవాళ్ళకు, రైతులు పనికి పిలవని వయసు మీరినవాళ్ళకు ఈ పని మరీ విలువైనది. అరవై దాటిన మనిషిని కలుపుకు ఎవరు పిలుస్తారు? మస్టరులో మాత్రం ఆమెకు చోటుంది. పని చేసే చోట తాగునీళ్ళు అందించడం, పసిపిల్లల్ని చూడడం లాంటి పనులు అటువంటివాళ్ళకు ఇవ్వవచ్చు.

ఆ పసిపిల్లల మాట దగ్గర కాసేపు ఆగాలి. ఆరేళ్ళ లోపు పిల్లలు ఐదుగురు గానీ అంతకు మించి గానీ పని దగ్గరికి వస్తే వాళ్ళను చూడడానికి ఒక మనిషిని పెట్టాలి. నీడకు పందిరి వేయాలి. చాలా చోట్ల పందిరీ ఉండదు, చూసే మనిషీ ఉండదు. అప్పుడు ఏమవుతుంది? పెద్ద పిల్ల బడి మానేసి చంటివాణ్ణి ఎత్తుకుంటుంది. ఆంధ్రప్రదేశ్ పిల్లల మీద జరిగిన పరిశోధనల్లో ఒకటి, తల్లి ఉపాధి పనికి పోయి సంపాదించిన ఇళ్ళలో పిల్లలు బడిలో ఎక్కువసేపు గడిపారని చూపింది. డబ్బు తల్లి చేతికొచ్చింది కాబట్టి. దేశమంతటి లెక్కలు తీసుకున్న మరో పరిశోధన, కాస్త పెద్ద పిల్లలు, పదమూడు దాటినవాళ్ళు, బడి వదిలి ఇంటి పనికో కూలికో మళ్ళారని చూపింది. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకునేవి కావు. తల్లి సంపాదన పిల్లల్ని బడికి పంపగలదు. తల్లి లేని పూట ఇంటి చాకిరీ కూతురి మీద పడితే అదే బడి నుంచి వెనక్కి లాగగలదు. పని దగ్గర పిల్లల్ని చూసే మనిషి కోసం అడగడాన్ని అందుకే నేను చిన్న కోరికగా చూడను. అది పెద్దపిల్ల చదువు.

ఇక రైతుల మాట. ఉపాధి పని వల్ల కూలీలు దొరకడం లేదని, కూలి రేట్లు మోయలేకపోతున్నామని రైతులు అంటారు. ఈ బాధను కొట్టిపారేయలేం. గిట్టుబాటు ధర లేని పంటకు కూలి పెరిగితే మొదట నలిగేది చిన్న రైతే. కానీ చిన్న రైతులో సగం కూలి మనిషే ఉంటాడన్న సంగతి మరవకూడదు. రెండెకరాల మెట్ట ఉన్న ఇంట్లోవాళ్ళు నాలుగు నెలలు తమ పొలంలో, మిగతా కాలం పక్కవాళ్ళ పొలంలో, వేసవిలో చెరువు కట్ట మీద ఉంటారు. వాళ్ళ భూముల్లోనే ఈ పథకం పనులు చేయించింది కూడా. దళితులకు, గిరిజనులకు పంచిన బీడు భూముల్లో ముళ్ళకంప కొట్టించింది, రాళ్ళు ఏరించింది, చదును చేయించింది, వాన నీళ్ళు నిలిచేలా సేద్యపు కుంటలు తవ్వించింది. అనంతపురం వంటి చోట్ల పండ్ల తోటలు పెట్టించి, మొక్కలు నిలదొక్కుకునేదాకా నీళ్ళు పోసిన కూలి కూడా ఇచ్చింది. తన చేనులో తాను పనిచేసి కూలి తీసుకుని, మూడు నాలుగేళ్ళకు మామిడి కాయ కోసుకున్న ఇంటికి ఈ పథకం ఇచ్చినది వంద రోజుల లెక్కలో ఇమడదు. అన్ని చోట్లా ఇలా జరిగిందని కాదు. పూడిక తీసిన చెరువులోకి నీళ్ళు తెచ్చే వాగు మూసుకుపోయే ఉన్న ఊళ్ళూ ఉన్నాయి, నీళ్ళు పోసే దిక్కు లేక ఎండిన మొక్కలూ ఉన్నాయి. ఏ పని చేయించాలో గ్రామసభ కూర్చుని తేల్చిన చోట పని నిలిచింది. పై నుంచి లక్ష్యాలు వచ్చిన చోట గుంతలు మిగిలాయి.

మొదట చెప్పిన ధీమా దగ్గరికి మళ్ళీ వస్తాను. అది ఎక్కడ చెదురుతున్నదో చూడాలి.

మస్టరు ముగిసిన 15 రోజుల్లో కూలి ఇవ్వాలి. ఆలస్యమైతే రోజుకు 0.05 శాతం చొప్పున పరిహారం కట్టాలి. జిల్లాలో కాగితాలు వేళకు పైకి పంపినా ఢిల్లీ నుంచి డబ్బు రావడానికి రోజులు పడితే ఆ రోజులను ఆలస్యంగా లెక్కవేయకుండా చాలాకాలం నడిపారు. 2018 మేలో సుప్రీంకోర్టు, స్వరాజ్ అభియాన్ వేసిన కేసులో, డబ్బు కూలీ ఖాతాలో పడేదాకా ఆలస్యాన్ని లెక్కించాలని చెప్పింది. చెప్పినా నెలల తరబడి బకాయిలు పడ్డ ఏళ్ళు వచ్చాయి. కూలి నెల దాటాక వస్తుందంటే ఆ పని ఎవరికి పనికొస్తుంది? నెల ఆగగలిగినవాళ్ళకు. ఏ పూటకాపూట తెచ్చుకునే మనిషి సాయంత్రం డబ్బు ఇచ్చే రైతు దగ్గరికే పోతుంది, అతను చెప్పిన కూలికే పోతుంది. ఆలస్యం వల్ల పోయేది ఆ పదిహేను వందల రూపాయల వడ్డీ ఒక్కటే అనుకోవడం పొరపాటు. వాడలో బేరం పోతుంది. పేదింటి లాభంలో ఆ ఆరు వంతులు పోతాయి.

2023 జనవరి నుంచి పని దగ్గర ఫోన్‌లో రోజుకు రెండుసార్లు ఫొటో తీసి హాజరు పంపాలన్నారు. 2024 జనవరి నుంచి ఆధార్‌తో ముడిపెట్టిన చెల్లింపే తప్పనిసరి చేశారు. దొంగ హాజరును అరికట్టాలన్న ఉద్దేశం మంచిదే. కానీ పాడేరు కొండల్లోనో ఆదిలాబాద్ గూడేల్లోనో సిగ్నల్ దొరకని చోట, పొద్దున్నే మట్టి మోసిన మనిషి రెండో ఫొటోకోసం ఎండలో ఆగాలి. ఫొటో ఎక్కకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. జాబ్‌కార్డులో పేరు ఒకలా, ఆధార్‌లో మరోలా ఉంటే చెల్లింపు ఆగుతుంది. మట్టిపనిలో అరిగిపోయిన వేళ్ళను యంత్రం గుర్తించదు. అదే వేలిముద్ర, అదే యంత్రం 2010లో ఇదే రాష్ట్రంలో పేదలకు మేలు చేసింది కదా, ఇప్పుడేం వచ్చింది అని అడగవచ్చు. అప్పుడు కార్డు తీసుకుని ఊళ్ళోకి మనిషి వచ్చి డబ్బు చేతిలో పెట్టేవాడు. కార్డు లేనివాళ్ళకు పాత పద్ధతిలోనే ఇచ్చేవారు, ఎవరినీ తీసేయలేదు. ఇప్పుడు యంత్రం సరిపోలలేదంటే తప్పు కూలి మీద పడుతుంది, దాన్ని సరిచేయించుకోవడానికి బస్సెక్కి మండలానికి పోవలసింది ఆమే, ఆ రోజు పని పోయేదీ ఆమెకే.

దొంగ మస్టర్లు లేవని ఎవరూ అనరు. రాత్రి పొక్లెయినుతో తవ్వి పగలు పేర్లు రాసుకున్న ఊళ్ళున్నాయి, చనిపోయినవాళ్ళ పేర్లతో డబ్బు తీసిన ఊళ్ళున్నాయి. వీటిని పట్టుకోవడానికి దేశానికి దారి చూపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. పథకం మొదలైన కాలం నుంచే సామాజిక తనిఖీ నడిపింది. 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీ ఏర్పాటు చేసింది. కూలీల ఇళ్ళ నుంచే వచ్చిన చదువుకున్న పిల్లలు మస్టర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. నీ పేరున ఇన్ని రోజులు రాశారు, ఇంత డబ్బు ఇచ్చామన్నారు, నిజమేనా అని అడిగారు. తవ్విన గుంతలను మళ్ళీ కొలిచారు. తర్వాత గ్రామసభలో, మండలంలో ప్రజావేదిక మీద, అధికారుల ఎదుట చదివి వినిపించారు. చదువురాని కూలి మనిషి లేచి నిలబడి, నాకు ఆ డబ్బు రాలేదని అందరి ముందూ చెప్పడం మన పల్లెల్లో చిన్న సంగతి కాదు. తిన్న సొమ్ములో తిరిగి రాబట్టింది చిన్న భాగమేనన్నదీ నిజం. పట్టుకున్నంత పట్టుదల వసూలులో లేకపోవడం ఈ గొప్ప పనికి పట్టిన పెద్ద లోటు.

ఇన్ని లోట్లున్నా ఆ ధీమా ఎంత పనికొచ్చిందో తెలియాలంటే 2020 వేసవి గుర్తు తెచ్చుకోండి. కరోనాతో నగరాలు మూతపడి జనం నడిచి ఊళ్ళకు వచ్చారు. ఆ ఏడాది దేశంలో దాదాపు ఏడున్నర కోట్ల కుటుంబాలు ఉపాధి పని చేశాయి, 380 కోట్లకు పైగా పనిదినాలు. బడులు మూతపడి జీతం ఆగిన ప్రైవేటు బడి పంతుళ్ళు కూడా మన ఊళ్ళలో పార పట్టారు. ఎవరు అడిగినా పని ఇవ్వాలని చట్టంలో ఉండబట్టే అది సాధ్యమైంది. కొత్తగా జాబితాలు తయారు చేయనక్కర్లేదు, ఎవరు పేద అని తేల్చనక్కర్లేదు. ఎండలో మట్టి మోయడానికి సిద్ధపడి వచ్చినవాళ్ళంతా అర్హులే.

2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టం స్థానంలో కొత్త చట్టం ఆమోదించింది. రోజులు 125కు పెరిగాయి. ఆ మేరకు మంచిదే. అయితే ఇంతవరకూ కూలి ఖర్చంతా కేంద్రమే పెట్టుకునేది. ఇకపై చాలా రాష్ట్రాలు మొత్తం ఖర్చులో 40 శాతం భరించాలి. ఏ రాష్ట్రానికి ఎంతన్నది కేంద్రం ముందే నిర్ణయిస్తుంది. విత్తనాల వేళ, కోతల వేళ కలిపి ఏడాదిలో 60 రోజులు పనులు ఆపవచ్చు. నా మనసు ఈ చివరి మూడు విషయాల దగ్గర కలవరపడుతుంది. రాష్ట్రం వాటా కట్టలేకపోతే, కేటాయించిన డబ్బు జనవరికే అయిపోతే, ఫిబ్రవరిలో పని అడిగిన మనిషికి ఏం చెబుతారు? ఆపేసే 60 రోజులు పొలంలో పని దొరికే రోజులే కదా అనవచ్చు. కానీ కూలి బేరం జరిగేదీ ఆ రోజుల్లోనే. భర్త లేని ఆమెకు, వయసు మీరిన ఆయనకు ఆ రోజుల్లోనూ పొలంలో పిలుపు రాకపోవచ్చు. ఆ 60 రోజులు ఏ నెలల్లో పెట్టాలన్నది జిల్లాల వారీగా, పంటల వారీగా చూసి, గ్రామసభను అడిగి తేల్చాలని నేను కోరుతున్నాను. మిరప పండే పల్నాడు లెక్క వేరు, వేరుశనగ వేసే అనంతపురం లెక్క వేరు.

ఈ ప్రసంగం వింటున్న కూలి ఇళ్ళవాళ్ళకు ఒక మాట. పని అడిగేటప్పుడు నోటితో అడిగి ఊరుకోకండి. కాగితం మీద రాసివ్వండి, రాయడం రాకపోతే సంఘంలో ఎవరి చేతనైనా రాయించండి, ఫీల్డ్ అసిస్టెంటు దగ్గరో పంచాయతీలోనో ఇచ్చి తేదీ వేసిన రసీదు అడిగి తీసుకోండి. 15 రోజుల లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది. పని చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలన్న నిబంధన కొత్త చట్టంలోనూ ఉంది. ఇన్నేళ్ళూ ఆ భృతి దాదాపు ఎవరికీ అందకపోవడానికి పెద్ద కారణం, అడిగినట్టు రుజువు కూలి దగ్గర లేకపోవడమే. రసీదు ఇవ్వమంటే అది మీకు అక్కర్లేదని ఎవరైనా అనవచ్చు. ఒక్కరే పోతే అంటారు, సంఘమంతా కలిసి పోతే అనరు. అలాగే మీ ఊళ్ళో సామాజిక తనిఖీ గ్రామసభ జరిగే రోజున జాబ్‌కార్డు, బ్యాంకు పుస్తకం రెండూ పట్టుకుని వెళ్ళండి. మీ పేరున ఎన్ని రోజులు రాశారో చదివించుకోండి.